గడ్డకట్టిన నీరు – పగిలిన గొట్టము

మన హోసూరులో ధనుర్మాసము వచ్చినదని పంచాంగముకంటె ముందుగా కొబ్బరినూనె సీసా తెలియజేయును. రాత్రి చలికి నూనె తెల్లగా పేరుకొనును. తెల్లవారిన తరువాత తల్లులు ఆ సీసాను ఎండలో నుంచియో, వేడినీటి చెంబులో నిలిపియో, కరిగించి పిల్లల తలలు దువ్వి బడికి పంపుదురు. ఆ పేరుకొన్న నూనెను మీరెప్పుడైన పరిశీలించితిరా? దాని నడుమ చిన్న గుంట యేర్పడి యుండును. నేతిగిన్నెలోను ఇట్లే కనబడును. చల్లబడి గట్టిపడిన నూనె, నెయ్యి, మైనము మొదలగునవి కుంచించుకొని తక్కువ చోటు నాక్రమించుటయే దీనికి కారణము.

ఈ గుంటను చూపి మేము అనేక సంవత్సరములు తరగతులలో ఒక సూత్రమును వల్లె వేయించితిమి: “వేడిచే వస్తువులు వ్యాకోచించును, చలిచే సంకోచించును.” పిల్లలు దానిని ఏకకంఠముతో చెప్పుచుండగా మాకు తృప్తిగా నుండెడిది. ఆ తృప్తియందొక లోపము దాగియున్నదని గత శీతకాలమున తెలియవచ్చినది.

మా పూర్వవిద్యార్థి యొకడు, నేడు తన కుమార్తెను మన పాఠశాలలోనే చదివించుచున్న తండ్రి, ఒకనాటి సాయంకాలము మమ్ము చూడవచ్చెను. అతడు లారీల మరమ్మతు పని చేయువాడు. అతని తమ్ముడును మన విద్యార్థియే. ఆ తమ్ముడు అమెరికాలో చలి మిక్కుటముగా నుండు రాష్ట్రములో ఉద్యోగము చేయుచు, సెలవులలో కుటుంబముతో తిరుగుటకై చక్రములపై నడచు ఇల్లొకటి కొనెను. కాంపరు అని పిలువబడు ఆ బండిలో పడకలు, పొయ్యి, స్నానపు గది, నీటి ట్యాంకు, గొట్టములు, కుళాయిలు అన్నియు నుండును. చలికాలమారంభమైనప్పుడు తమ్ముడు ఫోనులో, “అన్నా, బండిలో నీరు కొంచెము మిగిలినది, తీసివేయవలెనా?” అని యడిగెనట. అన్న మన పాఠమును జ్ఞాపకము చేసికొని, “చలికి వస్తువులు కుంచించునే గాని పెరుగవు గదా, నీరున్న నేమి?” అని ధైర్యము చెప్పెనట. నెల తిరుగకముందే గొట్టములు రెండు మూడు చోట్ల పగిలినవి. మంచు కరిగిన దినమున నీరు కారి లోపలి చెక్కపని యంతయు ఉబ్బిపోయినది.

“అయ్యవారూ, తమరు చెప్పిన దానినే నేను వానికి చెప్పితిని. మరి యెచ్చట పొరపాటు జరిగినది?” అని అతడు మర్యాదగానే అడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. పొరపాటు అతనిది కాదు. సూత్రము చెప్పి, దానికి గల ముఖ్యమైన మినహాయింపును గట్టిగా చెప్పని మాదే ఆ పొరపాటు. ఆ ఋణము తీర్చుకొనుటకే ఈ వ్యాసము.

మనకు పరిచయము లేని చలి

హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. కృష్ణగిరి అంతకంటె పల్లమున నుండుటచే అచ్చట చలి మరింత తక్కువ. మన పొరుగున నున్న బెంగుళూరులో నమోదైన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదియు 1884వ సంవత్సరము జనవరి 13వ తేదీ నాటిమాట. నీరు గడ్డకట్టునది సున్న డిగ్రీల యొద్ద. కావున మన మిద్దెలమీది ట్యాంకులు, వీధికుళాయిలు గడ్డకట్టుట మనమెరుగము. ఉదకమండలమునకు జనవరిలో పోయినవారు తెల్లవారుజామున పచ్చికమీద పేరిన మంచును చూచి యుందురు. మన రాష్ట్రములో చలి చూపగల ఉగ్రరూపము ఇంచుమించుగా అంతే.

కాని మన పిల్లలు నేడు మన యెండలోనే ఉండిపోవుట లేదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగర పరిసరములలో తెలుగువారు వేలకొలదిగా స్థిరపడి యున్నారు. అది మన యెండలను తలపించు వేడిప్రదేశము. అట్టిచోట 2021వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీల వరకు పడిపోయినది. లక్షలాది యిండ్లకు విద్యుత్తు నిలిచిపోయినది. వేడిదేశపు అలవాటు ననుసరించి కట్టిన యిండ్లలో నీటిగొట్టములు పగిలి, పైకప్పులనుండి నీరు ధారలుగా కారినది. కోటికి పైగా ప్రజలు త్రాగునీటిని కాచుకొని త్రాగవలసి వచ్చినది. ఆ విపత్తులో ప్రభుత్వపు లెక్కనుబట్టి 246 మంది మరణించిరి. ఇచ్చట కూర్చున్న తల్లిదండ్రులు ఆ దినములలో నిద్రలేక ఫోనుల యొద్ద కాచుకొని యుండిరి. కనుక ఈ పాఠము మనకు దూరపుది కాదు.

నీటి వింత స్వభావము

నీరు కూడ చల్లబడునప్పుడు మొదట తక్కిన వస్తువులవలెనే కుంచించుకొనును. అయితే 4 డిగ్రీల వరకే. అచ్చట నీటి సాంద్రత గరిష్ఠము. అంతకంటె చల్లబరచినచో అది తిరిగి వ్యాకోచింప నారంభించును. సున్న డిగ్రీల యొద్ద మంచుగా మారునప్పుడు దాని ఘనపరిమాణము సుమారు నూటికి తొమ్మిది వంతులు పెరుగును. సులభముగా చెప్పవలెనన్న, 11 చెంబుల నీరు గడ్డకట్టినచో 12 చెంబుల మంచగును.

దీనికి కారణము నీటి అణువుల అమరికలో నున్నది. ద్రవరూపమున అవి సంతలోని జనమువలె ఒకదానినొకటి ఒరసికొనుచు కదలుచుండును. గడ్డకట్టునప్పుడు ఒక్కొక్క అణువు నాలుగు అణువులతో మాత్రమే చేయి చేయి పట్టుకొని, నడుమ ఖాళీ విడిచి, క్రమమైన జాలమువలె నిలుచును. చేతులు చాచి నిలిచిన పిల్లల వరుసకు గుంపుగా నిలిచిన పిల్లలకంటె ఎక్కువ చోటు కావలెను గదా! అందుచేతనే మంచు నీటిపై తేలును.

ఈ విషయమును ఇంటియందే చూడవచ్చును. నిటారుగా నుండు ఒక స్టీలు గ్లాసులో 11 సెంటీమీటర్ల యెత్తునకు నీరు పోసి, రిఫ్రిజిరేటరులో మంచు పేరు అరయందు రాత్రియంతయు ఉంచుడు. ప్రక్కనే చిన్నగిన్నెలో కొబ్బరినూనె నుంచుడు. ఉదయమున నూనెలో గుంటయు, నీటిలో మిట్టయు కనబడును. గ్లాసును నిండుగా నింపవలదు, మూత బిగింపవలదు, గాజుసీసాను ఎంతమాత్రము వాడవలదు. అది పగిలి పిల్లల చేతులు తెగవచ్చును.

గొట్టమేల పగులును?

మంచు గొట్టమును ప్రక్కలకు నెట్టి పగులగొట్టునని పలువురు తలంతురు. తరచుగా జరుగునది వేరు. గొట్టములో మిక్కిలి చల్లనైన చోట మొదట మంచు బిరడావలె ఏర్పడును. ఆ బిరడా పెరుగుచు, దానికిని మూసియున్న కుళాయికిని నడుమ చిక్కుకొన్న నీటిని నొక్కును. నీరు నొక్కుడునకు లొంగునది కాదు. అందుచే పీడనము క్షణక్షణము పెరిగి, గొట్టములో బలహీనమైన చోట, ఒక్కొక్కప్పుడు మంచే లేనిచోట, పగులు కలుగును. నీరు ఘనీభవించునప్పటి బలము సామాన్యమైనది కాదు. సున్నకు దిగువ 22 డిగ్రీల యొద్ద నీటిని గడ్డకట్టనీయకుండ ఆపవలెనన్న 2,000 వాతావరణ పీడనములకు మించిన ఒత్తిడి కావలెను. ఇనుప గొట్టమైనను దాని ముందు నిలువజాలదు.

దీనినుండి రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది, కుళాయి కొంచెము తెరచియుంచినచో ఆ పీడనమునకు దారి దొరకి గొట్టము బ్రతుకును. రెండవది, పగులు కలిగిన దినమున ఏమియు తెలియదు, బిరడా దారిని మూసియుండును గనుక. ఎండ వచ్చి మంచు కరిగినప్పుడే నీరు బయటపడును. మా విద్యార్థి తమ్మునికి జరిగినది ఇదియే.

నీరు ఒక్కసారిగా గడ్డకట్టదు. సున్న డిగ్రీలకు వచ్చిన ఒక్కొక్క గ్రాము నీరు మంచుగా మారుటకు ఇంకను 80 కెలోరీల వేడిని విడువవలెను. దీనినే గుప్తోష్ణమందురు. పెద్ద ట్యాంకులో నీరు అధికముగా నుండుటచే ఆ వేడి పోవుటకు చాల సేపు పట్టును. వేలెడు గొట్టములో నీరు స్వల్పము, చలి తగులు ఉపరితలము అధికము. కనుకనే ట్యాంకుకంటె ముందు గొట్టము గడ్డకట్టును. గాలి వీచినచో ఆ వేడి మరింత త్వరగా తరలిపోవును.

చక్రముల యింటిని కాపాడు విధము

ఇంటిలో గొట్టములు గోడలమాటున నుండును. కాంపరు బండిలో అవి పలుచని రేకుల మాటున, కొన్నియెడల బండి అడుగున, గాలికి ఎదురుగా నుండును. కనుక దానికి జాగ్రత్త హెచ్చు. చలికాలమున బండిని వాడక నిలిపివేయువారు చేయవలసినది ఒక విధము. అందే నివసించువారిది మరియొక విధము.

నిలిపివేయువారు మొదట నీటి హీటరును ఆపి, చల్లారనిచ్చి, తరువాతనే దానిలోని నీటిని తీయవలెను. వేడిగా నున్నప్పుడు తెరచినచో ఒడలు కాలును. నీరు లేని హీటరునకు విద్యుత్తు నిచ్చినచో దానిలోని తీగ మాడిపోవును. పిమ్మట మంచినీటి ట్యాంకును, వాడిన నీరు చేరు ట్యాంకులను ఖాళీచేసి, బండి అడుగున మిక్కిలి పల్లమున నుండు బిరడాలను తెరచి, వేడినీటి కుళాయిలను, చన్నీటి కుళాయిలను అన్నిటిని విప్పవలెను.

ఇంతటితో పని ముగిసినదనుకొనుట పెద్ద పొరపాటు. పంపులోను, గొట్టముల వంపులలోను, తొట్టి క్రింది మెలికలోను గుక్కెడు నీరు నిలిచియే యుండును. పగులుటకు ఆ గుక్కెడు చాలును. కావున హీటరునకు పోవు దారిని ప్రక్కదారి వాల్వుతో మూసి, గడ్డకట్టని ద్రవమును పంపుద్వారా గొట్టములలోనికి ఎక్కింతురు. పంపునకు దగ్గరి కుళాయి మొదలు దూరపు కుళాయి వరకు ఒక్కొక్కదానిని తెరచి, ఆ ద్రవపు రంగు కనబడిన వెంటనే మూయవలెను. స్నానపు జల్లును, పాయిఖానా తొట్టిని, బండి వెలుపలి కుళాయిని మరువరాదు. కొంత ద్రవమును తొట్టి మెలికలలోను పోయవలెను. కొందరు దీనికి బదులుగా యంత్రముతో గాలిని పంపి నీటిని ఊదివేయుదురు. అట్టివారు గొట్టములు తట్టుకొను పీడనమునకు మించకుండ చూచుకొనవలెను. వారును తొట్టి మెలికలలో ద్రవము పోయక తప్పదు. వసంతమున మరల వాడుటకు ముందు మంచినీటితో గొట్టములను పలుమార్లు కడుగవలెను.

ఇచ్చట ఒక ప్రాణాపాయము కలదు. లారీల పని చేయు మన హోసూరు తండ్రులకు రేడియేటరులో పోయు కూలెంటు బాగుగా తెలియును. అదియు నీటిని గడ్డకట్టనీయదు. కాని దానిలో సాధారణముగా నుండునది ఇథిలీన్ గ్లైకాల్ అను విషము. అది తియ్యగా నుండుటచే పిల్లలును, కుక్కలును త్రాగి మరణించిన సందర్భములు కలవు. దానిని త్రాగునీటి గొట్టములలో ఎన్నటికిని పోయరాదు. దీనికై ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన వేరొక ద్రవము అమ్ముదురు. అది సాధారణముగా గులాబిరంగులో నుండును. అయినను రంగును నమ్మక, త్రాగునీటి గొట్టములకు తగినదని డబ్బాపై వ్రాసియున్నదా లేదా యని చదివి మరీ కొనవలెను.

చలిలో బండియందే నివసించువారు బయటి కుళాయినుండి వచ్చు గొట్టమును రాత్రియెల్ల తగిలించి యుంచక, ట్యాంకును నింపుకొని గొట్టమును విప్పి నీరు వంచి దాచవలెను. విప్పుటకు వీలులేనిచో దానికి విద్యుత్తుతో వేడెక్కు పట్టీని చుట్టి, పైన దళసరి తొడుగు వేయవలెను. బండి అడుగున గాలి దూరకుండ చుట్టును తెర కట్టవలెను. తొట్టి క్రింది అరల తలుపులు తెరచియుంచినచో గదిలోని వేడి గొట్టములకు తగులును. వాడిన నీటి ట్యాంకుల వాల్వును నిత్యము తెరచియుంచరాదు. సన్నని ధార పోవుచు పోవుచు దారిలోనే పేరుకొని గొట్టమును మూసివేయును.

ఒకవేళ గడ్డకట్టినచో

ముందుగా కుళాయిని తెరువవలెను. తరువాత కుళాయివైపునుండి మంచు బిరడా వైపునకు క్రమముగా వేడి చేయవలెను. నడుమ వేడిచేసినచో కరిగిన నీరు రెండు బిరడాల మధ్య చిక్కుకొనును. జుట్టు ఆరబెట్టు యంత్రపు వెచ్చని గాలి గాని, వేడినీట ముంచిన గుడ్డ గాని చాలును. మంటను చూపరాదు. నీరు తగులుచున్నచోట విద్యుత్తు యంత్రమును ముట్టరాదు. ప్రధాన వాల్వు ఎచ్చట నున్నదో ఇంటిలోని ప్రతివారికి ముందే తెలిసియుండవలెను. పగులు కనబడిన వెంటనే దానిని మూయుటయే మొదటి పని.

అన్నిటికంటె ముఖ్యమైన మాట. 2021లో టెక్సాసులో విద్యుత్తు పోయినప్పుడు కొందరు వెచ్చదనమునకై బొగ్గుల పొయ్యిని గదిలోనికి తెచ్చికొనిరి. కొందరు మూసిన షెడ్డులో కారు ఇంజనును నడిపించుచు అందు కూర్చుండిరి. వాసన లేని, కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడు వాయువు వారిలో కొందరి ప్రాణములను తీసినది. గొట్టము పగిలినచో మరల కొనవచ్చును. కాంపరు వంటి చిన్న గదిలో ఈ వాయువు మరింత త్వరగా నిండును. మీ పిల్లలకు ఫోనులో ఒక్క మాటయే చెప్పుటకు వ్యవధి యున్నచో ఈ మాటనే చెప్పుడు.

పగులగొట్టునదే కాపాడును

ఈ స్వభావము నీటికి లేకున్న బాగుండెడిదని తోచవచ్చును. కాని శీతలదేశపు చెరువులను చూడుడు. మంచు తేలిక యగుటచే పైన పలకవలె నిలిచి, క్రింది నీటికి కప్పుగా నుండును. లోతున 4 డిగ్రీల నీటిలో చేపలు బ్రతికియుండును. మంచు బరువైనదైనచో చెరువులు అడుగునుండి గడ్డకట్టి జలచరములు నశించెడివి.

మన దేశముననే కాశ్మీరములో డిసెంబరు 21 మొదలు 40 దినములను చిల్లై కలాన్ అందురు. ఆ దినములలో శ్రీనగరపు కుళాయిలు గడ్డకట్టుట కద్దు. లడాఖులో సోనమ్ వాంగ్‌చుక్ అను ఇంజనీరు 2013–14 శీతకాలమున ఈ చలినే ఉపకారముగా మార్చుకొనెను. ఎత్తుననున్న వాగునీటిని గొట్టముద్వారా తెచ్చి, పైకి చిమ్మించి, స్తూపాకారమున మంచుగా పేర్చి, వసంతమున అది కరుగుచుండగా పైరులకు వాడుకొను పద్ధతిని చూపెను. ఆ గొట్టములోను నీరు నిలిచినచో గడ్డకట్టును గనుక ప్రవాహమాగకుండ చూచుకొనవలసినదే. స్వభావము తెలిసినవానికి నీరు సేవకుడు; తెలియనివానికి శత్రువు.

మా పూర్వవిద్యార్థికి ఈ సంగతులన్నియు నల్లబల్లపై బొమ్మలు వేసి చెప్పితిమి. అతడు తమ్మునితో ఫోనులో ఆ రాత్రియే మాటలాడెను. “సాంద్రత, ఘనీభవనము, గుప్తోష్ణము అను మాటలు మీరు చెప్పగానే చిన్ననాటి తరగతి కండ్లకు కట్టినది. అన్నా, నీవు తెలుగులో చెప్పగా వినుట బాగున్నది” అని తమ్ముడనెనట. ఇంజనీరైన ఆ యువకునికి ఇది తెలియనిది కాదు. కాని అన్న మాటను కాదనలేక ఊరకుండెను. పెద్దల మాటకు మన యిండ్లలో అంత విలువ యున్నది. కనుకనే పెద్దలు చెప్పు మాట సరియైనదిగా నుండవలెను.

తల్లిదండ్రులారా, తెలుగున నేర్చిన విజ్ఞానము పరీక్ష వరకే పనికివచ్చునని కొందరు తలంచుచున్నారు. అది సముద్రములు దాటి పోయినవారికిని అక్కరకు వచ్చును. అయితే సూత్రముతోపాటు మినహాయింపును, మాటతోపాటు కారణమును నేర్పినప్పుడే అట్లగును. ఈ యేటినుండి మన ఆరవ తరగతిలో కొబ్బరినూనె గిన్నెయు, నీటి గ్లాసును ప్రక్కప్రక్కనే ఉంచి ఈ పాఠము చెప్పుచున్నాము. మీరును ఇంటియందు చేసి చూపి, గుంట యేల, మిట్ట యేల యని పిల్లల నడుగుడు. వారు చెప్పలేనిచో వారిని కోపింపక మా యొద్దకు పంపుడు.